ఆసుపత్రి మాట ఇంటికి రావలెను



ఈ పత్రికలో మేము మామూలుగా నూలు ధరలను గూర్చియు, కూలి రేట్లను గూర్చియు, గోదాములో నిలిచిపోయిన సరుకును గూర్చియు వ్రాయుచుందుము. ఈ పర్యాయము మన ఆడవారు ఆసుపత్రికి వెళ్లినప్పుడు అక్కడ డాక్టరు చెప్పు నాలుగు మాటలను గూర్చి, అనగా ఏమి తినవలెను, ఎంత నడవవలెను, ఎట్లు మెలగవలెను అను సలహాను గూర్చి వ్రాయదలచితిమి. సహకార సంఘమునకు దీనితో పనియేమి యని కొందరు అనుకొనవచ్చును. 2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణనలో నేతపనివారును, అనుబంధ పనివారును కలిసి 35 లక్షలకు పైబడి లెక్కకు వచ్చినారు. వారిలో నూటికి 72 మంది ఆడవారు. కండెలు చుట్టుటకు, ఆసు పోయుటకు, గంజి పెట్టుటకు చేతులు వారివి. చాలచోట్ల మగ్గము మీద కూర్చుండువారును వారే. ఆమె మంచమెక్కిన నాడు మగ్గము నిలిచిపోవును. కనుక ఇది మన సంగతియే.

పైగా ఈ విషయములో మేము స్వయముగా ఒక తప్పు చేసితిమి. దానిని దాచక ముందుగా చెప్పుట న్యాయము.

రెండు మాటల చీటీ

రెండు సంవత్సరముల క్రిందటి మాట. మా సంఘమునకు కండెలు చుట్టు ఒక సోదరి మూడవ కాన్పునకు ఆరవ నెలలో ఉండెను. ఆసుపత్రిలో గ్లూకోజు నీళ్లు త్రాగించి, రెండు గంటల తరువాత రక్తము పరీక్షించి, గర్భముతో నున్నప్పుడు వచ్చు షుగరు ఉన్నదని చెప్పినారట. అక్కడ జనము చాలమంది. చెప్పినది ఒడియాలో, అదియు త్వరత్వరగా. చివరకు చేతిలో ఒక చీటీ పెట్టినారు. ఆమె నూలు తీసికొనుటకు మా ఆఫీసునకు వచ్చి ఆ చీటీని బల్ల మీద పెట్టి, "బాబూ, ఇందులో ఏటి రాసినారో కాస్త చూడండి" అని అడిగెను.

అందులో ఇంగ్లీషులో రెండే మాటలు: డైట్, ఎక్సర్‌సైజ్. మేము లెక్కల పుస్తకము మీదనుండి తలయెత్తి, "తిండి తగ్గించుకోమన్నారమ్మా, కసరత్తు చేయమన్నారు" అని చెప్పి చీటీ తిరిగి యిచ్చివేసితిమి. మెట్రిక్యులేషను ప్యాసైనవారము గదా, రెండు మాటలకు అర్థము చెప్పుట మాకొక లెక్కా యనుకొంటిమి. కసరత్తు అను మాట విని ఆమె నవ్వుకొనుచు వెళ్లిపోయెను.

ఇంటికి పోయి ఆమె రాత్రి అన్నము మానివేసినది. పగలు గంజితో సరిపెట్టుకొన్నది. గంజి పలుచన గనుక అదియే పథ్యమని ఆమె నమ్మకము. పని మాత్రము తగ్గలేదు. ఎనిమిదవ నాడు రాట్నము ముందే కళ్లు తిరిగి పడిపోయినది. కబురు విని మేము పరుగెత్తితిమి. మేము చెప్పిన మాటయే ఆమెను పస్తు పెట్టినదని అప్పుడు తెలిసినది.

రెండవసారి ఆసుపత్రికి ఆమె భర్తయు, మా ఇంటి ఆమెయు వెంట వెళ్లిరి. ఆనాడు తెలుగు తెలిసిన ఒక నర్సమ్మ పావుగంట సేపు కూర్చుండి అడిగినదట: "పొద్దున్న ఎన్ని గంటలకు లేస్తావు? రోజంతా ఏం పని చేస్తావు? మొదటి ముద్ద ఎప్పుడు తింటావు? ఇంట్లో ఆఖరున తినేది ఎవరు?" జవాబులన్నియు విన్న తరువాత సలహా చెప్పినది. అన్నము మానవద్దు, కొలతగా తినవలెను. వట్టి గంజి షుగరును త్వరగా పెంచును, దానిని మానవలెను. ఒక్క పూటలో కంచము నిండ తినుటకు బదులు మూడు పూటలు తిని, నడుమ రెండు సార్లు కొద్దిగా ఏదైన తినవలెను. ప్రతి పూట పప్పో, గుడ్డో, చేపో ఉండవలెను, కూర యెక్కువగా ఉండవలెను. తిన్న వెంటనే రాట్నము ముందు కూర్చుండక పది పదిహేను నిమిషములు వీధిలో నడవవలెను. రెండు వారముల తరువాత మరల రక్తము చూచిరి. ఇన్సులిను అవసరము పడలేదు. నెలలు నిండి కాన్పు సుఖముగా జరిగినది.

నర్సమ్మ చెప్పినదంతయు ఆ రెండు మాటల చీటీలో ఉన్నదే. మొదటి సారి దానిని విప్పి చెప్పినవారు లేకపోయిరి.

మాటకు మందంత బలము

డాక్టరు మందు వ్రాసి యిచ్చినచో వైద్యము జరిగినదనియు, తిండిని గూర్చి చెప్పినచో ఊరక పంపివేసినాడనియు మనలో చాలమంది తలంతురు. ఇది పొరపాటు. గర్భిణీలకు వచ్చు షుగరు విషయములో 2018 నాటి కేంద్ర ప్రభుత్వ వైద్య నియమములే ఇట్లున్నవి. గర్భిణి మొదటిసారి పరీక్షకు వచ్చినప్పుడొకసారి, 24 నుండి 28 వారముల నడుమ మరియొకసారి 75 గ్రాముల గ్లూకోజు త్రాగించి, రెండు గంటలకు రక్తము చూడవలెను. 140 గాని అంతకు మించి గాని ఉన్నచో మొదట రెండు వారములు తిండి మార్పుతోను నడకతోను చూడవలెను. అప్పటికిని భోజనమైన రెండు గంటలకు 120 కంటె తగ్గనిచో మందు మొదలుపెట్టవలెను. అనగా ఈ జబ్బుకు మొదటి మందు సలహాయే.

గర్భము లేనివారి విషయములోను సాక్ష్యము కలదు. షుగరు వచ్చుటకు సిద్ధముగా నున్న 531 మందిని మదరాసులోని వైద్యులు మూడు సంవత్సరములు కనిపెట్టి, 2006లో ఫలితములు ప్రకటించిరి. మామూలుగా వదలినవారిలో నూటికి 55 మందికి షుగరు వచ్చినది. తిండి, నడకలను గూర్చి సలహా పొందినవారిలో నూటికి 39 మందికే వచ్చినది. మాత్ర మ్రింగినవారిలో నూటికి 40 మందికి వచ్చినది. చూచితిరా, సలహా మాత్రకు తీసిపోలేదు. అమెరికాలో మూడువేల మందికి పైగా జరిపి 2002లో ప్రకటించిన పరీక్షలో సలహా మాత్రను మించినది. ఆ పరీక్షలో మూడింట రెండు వంతుల మంది ఆడవారే.

అయితే ఒక సంగతి గమనింపవలెను. ఆ వైద్యులు ఒక్కసారి చెప్పి ఊరకుండలేదు. మదరాసు వారు నెల నెలకు టెలిఫోనులో అడుగుచు, ఆరు నెలలకొకసారి ఎదుట కూర్చుండబెట్టి మాట్లాడిరి. మన ఆసుపత్రులలో అంత తీరిక దొరుకుట కష్టము. డాక్టరు నెలకొకసారి ఒక నిమిషము చెప్పినచో, మిగిలిన ఇరువదితొమ్మిది దినములు ఆ మాటను నిలుపవలసినవారు ఇంటివారే.

మూడు భాషల దారి

మన జయపురము ప్రాంతములో ఈ మాట ఇంటికి చేరుటకు మరియొక చిక్కు కలదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు జయపురము సంస్థానము విశాఖపట్టణము జిల్లాలోనిదే. 1992లో పాత కోరాపుట్ జిల్లాను విభజించినప్పుడు రాయగడ వేరు జిల్లా అయినది. నేటికిని మన కుటుంబములలో ఇంటిలో తెలుగు, సంతలో దేశియా, కచేరీలలో ఒడియా. మందుల చీటీ మాత్రము ఇంగ్లీషు. ఇన్ని భాషలు దాటి వచ్చుసరికి డాక్టరు మాట సగము రాలిపోవును.

వైద్యము దొరకుటలో వెనుకటి కంటె ఇప్పుడు మేలు. రాయగడ జిల్లాలోని బిస్సంకటక్‌లో 1954లో డెన్మార్కు దేశపు డాక్టరమ్మ ఎలిజబెత్ మాడ్సెన్ ప్రారంభించిన క్రైస్తవ ఆసుపత్రి నేటికిని నడచుచున్నది. కోరాపుట్‌లో షహీద్ లక్ష్మణ నాయక్ పేర 2017లో వైద్య కళాశాల వచ్చినది. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో నాలుగవ నెల దాటిన గర్భిణీలకు ఉచితముగా పరీక్షలు జరుగుచున్నవి. ముప్పది యేండ్లు దాటినవారికి షుగరు, రక్తపు పోటు చూచు ఏర్పాటు ఉపకేంద్రములలో కలదు. ఇక కావలసినది అక్కడ చెప్పిన దానిని మనము అడిగి తెలిసికొనుట.

పథ్యమనగా పస్తు కాదు

మన ఇండ్లలో పథ్యమనగానే ఏవేవి మానవలెను అను ప్రశ్నయే పుట్టును. బాలింతకు కూరలు మాన్పింతుము, పండ్లు మాన్పింతుము, దాహమైనను నీళ్లు కొలిచి యిత్తుము. ఆసుపత్రి చెప్పు పథ్యములో మానవలసినవి కొన్ని, తినవలసినవి అంతకంటె ఎక్కువ.

మరియొకటి. ఒకే ఇంటిలో ఇద్దరు ఆడవారికి రెండు విధముల సలహా రావచ్చును. అత్తగారికి షుగరు, రక్తపు పోటు. కోడలికి రక్తము చాలక ముఖము పాలిపోయి యుండును. అత్తగారికి ఉప్పు, నూనె, అన్నము తగ్గించుమని చెప్పుదురు. కోడలికి ఇంకను తినుమని చెప్పుదురు. అత్తగారి పథ్యమును కోడలిపై రుద్దరాదు.

కోడలి సంగతి చూతము. రక్తములో హీమోగ్లోబిను ఆడవారికి 12, గర్భిణీలకు 11 ఉండవలెను. గర్భిణికి దినమునకొక ఇనుము మాత్ర చొప్పున 180 దినములు, కాన్పు తరువాత మరి 180 దినములు ఇచ్చు ఏర్పాటు కలదు. ఆ మాత్రను టీతో గాని, టీ త్రాగిన వెంటనే గాని మ్రింగినచో ఇనుము ఒంటబట్టదు. కాల్షియము మాత్రతో కలిపి మ్రింగరాదు. నిమ్మరసముతో మేలు. పప్పు, గుడ్డు, చేప, మాంసము, ఆకుకూరలు తోడు కావలెను. అంగన్‌వాడీలో ఇచ్చునది ఆమె కొరకే. దానిని ఇంటిల్లిపాదికి పంచివేయుట న్యాయము కాదు. మన ప్రాంతములో సికిల్ సెల్ అను రక్తపు జబ్బు కూడ కలదు. దీని పరీక్షలకై 2023లో కేంద్ర ప్రభుత్వము ప్రత్యేక కార్యక్రమము ప్రారంభించినది. పాలిపోయినవారందరికి ఇనుము లోపమే కారణమని తలంచక రక్తము పరీక్ష చేయించవలెను.

అత్తగారి సంగతి. ఒక మనిషికి దినమునకు అయిదు గ్రాములు, అనగా ఒక చెంచాడు ఉప్పు మించరాదు. మన వంటలో వేయునది గాక ఊరగాయలోను, ఎండుచేపలోను, అప్పడములోను ఉన్నదియు లెక్కకు వచ్చును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము కంచములో ఇంచుమించు సగము కూరలు, పండ్లు ఉండవలెను. మన కంచములో ముప్పాతిక అన్నమే యుండును.

చోళ్లను గూర్చి రెండు మాటలు. నూరు గ్రాముల చోళ్లలో 350 మిల్లీగ్రాముల వరకు కాల్షియము ఉన్నది. బియ్యములో పది కూడ ఉండదు. జయపురము దగ్గరి పాత్రపుట్ గ్రామమునకు చెందిన కమలా పూజారి పాత వరి విత్తనములను కాపాడినందుకు 2019లో పద్మశ్రీ పొందినది. ఆమె 2024లో కాలము చేసినది. కోరాపుట్ సేద్యపు పద్ధతిని 2012లో ఐక్యరాజ్యసమితి వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. 2017లో ఒడిశా ప్రభుత్వము చిరుధాన్యముల కార్యక్రమమును మన రెండు జిల్లాలను కలుపుకొని ప్రారంభించినది. ఇంత చేరువలో ఉన్న చోళ్లను బీదల తిండి యని మనము చిన్నచూపు చూడరాదు. కాని చోళ్లు మంచివని కుండెడు అంబలి త్రాగినచో షుగరు తగ్గదు. చోళ్లకును కొలత కావలెను.

పని వేరు, నడక వేరు

"పొద్దస్తమానం పనే కదా, మళ్లీ కసరత్తు దేనికి?" అని మన ఆడవారు అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. పని చేయని ఆడది మన ఇండ్లలో లేదు. కాని రాట్నము ముందు పని ఎట్టిది? నాలుగైదు గంటలు నేల మీద కూర్చుండి ఒక చేయి త్రిప్పుట, ఒక చేత నూలు పట్టుట. నడుము వంగి యుండును, కాళ్లు కదలవు. చేయి అలసిపోవును గాని గుండెకు, తొడలకు పని లేదు. సాయంత్రమునకు ఒళ్లు నొప్పులు, షుగరు అట్లే యుండును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది ఏమనగా, పెద్దవారు వారమునకు 150 నిమిషములకు తక్కువ గాకుండ చురుకుగా నడచుట వంటి శ్రమ చేయవలెను. అనగా దినమునకు అరగంట చొప్పున అయిదు దినములు. కండలకు బలమిచ్చు పని వారమునకు రెండు దినములైన చేయవలెను. కూర్చుండు కాలమును తగ్గింపవలెను. డాక్టరు వద్దనని గర్భిణీలకు కూడ ఈ నడక మంచిదే. రక్తము పోవుట, నొప్పులు, ఊపిరాడకపోవుట వంటివి ఉన్నచో నడక మాని వెంటనే ఆసుపత్రికి పోవలెను. రక్తము బాగుగా తక్కువయినవారు మొదట డాక్టరును అడిగి, ఆయన చెప్పినంతయే నడవవలెను.

అరగంట ఒక్కసారిగా దొరకనిచో మూడు పూటలు తిన్న తరువాత పది నిమిషముల చొప్పున నడచినను సరిపోవును. రాట్నము ముందునుండి గంటకొకసారి లేచి, నడుము చాచి, నాలుగడుగులు వేయవలెను. ఒంటరిగా వీధిలో నడచు ఆడదానిని చూచి "పని లేక తిరుగుతోంది" అని నవ్వు నోళ్లు మన వీధులలో ఉన్నవి. అందుచేత ముగ్గురు నలుగురు కలిసి సాయంత్రము బయలుదేరుట మంచిది. నవ్వు నోళ్లలో మగవారివి ఎక్కువ. మొదట వాటిని మూయవలెను.

ఆసుపత్రిలో చెప్పవలసినవి, అడగవలసినవి

1. మన పని చెప్పవలెను. "మగ్గం పని, ఇన్ని గంటలు కూర్చుంటాను" అని చెప్పనిచో డాక్టరుకు తెలియదు.

2. ఏ పూట ఏమి తినునది ఉన్నదున్నట్లు చెప్పవలెను. పస్తులున్న దినములు, ఉపవాసములు దాచరాదు. టీ ఎన్నిసార్లు త్రాగునది, జర్దా, గుట్కా వంటివి వాడునది కూడ చెప్పవలెను.

3. బరువు, రక్తపు పోటు, హీమోగ్లోబిను, షుగరు ఎంత వచ్చినవో అడిగి చీటీ మీద వ్రాయించుకొనవలెను. నడుము కొలుచుటకు టేపు మన ఇండ్లలోనే యుండును. గర్భిణి గాని ఆడదానికి నడుము 80 సెంటీమీటర్లు మించినచో ఆ సంగతి డాక్టరుకు చెప్పి షుగరు పరీక్ష చేయించుకొనవలెను.

4. "ఏమి మానవలెను" అని మాత్రమే గాక "ఏమి తినవలెను, ఎంత, ఎప్పుడు" అని అడగవలెను. నడక ఎంతసేపు, ఏ పని చేయరాదు అనునవి కూడ అడగవలెను.

5. విన్న దానిని మన మాటలతో తిరిగి చెప్పి "ఇదేనా అమ్మా?" అని అడగవలెను. తప్పు విన్నచో అక్కడనే తెలిసిపోవును. భాష తెలియనిచో తెలిసిన మనిషిని వెంట తీసికొని పోవలెను.

6. మరల ఎప్పుడు రావలెనో అడగవలెను. గర్భములో షుగరు వచ్చినవారికి కాన్పు తరువాత తగ్గినను, ముందు ముందు మరల వచ్చు అవకాశము ఎక్కువ. కాన్పైన ఆరు వారములకు ఒకసారి, తరువాత ఏటేట పరీక్ష చేయించుకొనవలెను.

ఇంటివారి పని, సంఘము పని

మన ఇండ్లలో వండునది ఆమె, ఆఖరున తినునది ఆమె. కూర మగవారికి, పిల్లలకు చాలి, మిగిలినచో ఆమెకు. ఇట్టి ఇంటికి ఆసుపత్రి సలహా పట్టుకొని వచ్చినను ఏమి లాభము? కావున సలహా ఆమె ఒక్కతెకు చెప్పినది కాదు, ఇంటికంతకు చెప్పినదని భర్త తెలిసికొనవలెను, అత్తగారు తెలిసికొనవలెను. అందరు కలిసి ఒకసారి తినుట అలవాటు చేసికొన్నచో కూర దానంతట అదే సమముగా పంచబడును. నర్సమ్మ అడిగిన ప్రశ్నకు, "ఆఖరున తినేది నేనే" అని మా సోదరి చెప్పినప్పుడు పక్కనున్న భర్త తల వంచుకొనెనని మా ఇంటి ఆమె చెప్పినది. ఆనాటి నుండి ఆయన ఆమెతో కూడ కూర్చుండి తినుచున్నాడు.

మా సంఘములో ఆ తరువాత మూడు పనులు చేసితిమి. నూలు పంచు దినము 9వ తేదీన పడినచో మరునాటికి మార్చుచున్నాము. ఆసుపత్రికి పోయినందున కండెలు ఆలస్యమైనచో కూలిలో కోత లేదు. ఆసుపత్రి చీటీ యెవరు తెచ్చినను, పూర్తిగా అర్థము కానిదే అర్థము చెప్పరాదని, ఆశా కార్యకర్తను గాని నర్సును గాని అడిగి చెప్పవలెనని మాకు మేమే నియమము పెట్టుకొంటిమి. వీటిలో ఏ పనికిని సంఘమునకు ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. తక్కిన సంఘముల కార్యదర్శులు కూడ ఆలోచింప ప్రార్థన.

ఆ సోదరి ఇప్పుడును మాకు కండెలు చుట్టుచున్నది. ఈ మధ్య నూలుకు వచ్చినప్పుడు సంవత్సరపు పరీక్ష చీటీ తెచ్చి బల్ల మీద పెట్టినది. మేము లెక్కల పుస్తకము మూసి చేయి చాచబోవుచుండగా, "మీరు చదవక్కర్లేదు బాబూ, నాకు తెలుసు. భోంచేసిన రెండు గంటలకి నూట పద్దెనిమిది" అని తానే చెప్పినది.